నాన్న సంచిలో రెండో కళ్లజోడు

మా చిన్నప్పుడు... నాన్న డ్యూటీ సంచి సరిచూసే పని నాది.

నాన్న గూడ్స్ బండికి గార్డు. జెండాలూ దీపమూ ఉండే ఇనప పెట్టె బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే ఉండేది. క్వార్టర్ నుంచి వెళ్లేది ఖాకీ కాన్వాస్ సంచి. దాని లోపల పాత ప్యాంటు గుడ్డతో అమ్మ తొమ్మిది జేబులు కుట్టింది. టార్చికి ఒకటి, విజిల్‌కి ఒకటి, ఉప్పూ కారం డబ్బీకి ఒకటి... బండి చివరుండే గార్డు డబ్బాలో లైటుండదు, ఫ్యానుండదు. చెయ్యి పెట్టగానే కావాల్సింది తగలాలి. అడుగున దుప్పటి, దాని మీద సత్తు గిన్నె, గిన్నెలో బియ్యం మూట, పక్కన మరచెంబు. ఎంత ఊగినా చప్పుడయ్యేది కాదు.

ఇవాళ ఫోన్ తెరిస్తే చాలు... 'హాయిగా ప్రయాణించాలంటే తప్పనిసరి పది వస్తువులు' అంటూ ఎవడో ఒకడు పాఠం మొదలెడతాడు. మెడకి దిండట. ఛార్జరుకి సంచి, సాక్సుకి సంచి, ఆ సంచులన్నిటికీ ఇంకో సంచి. మా అమ్మ చిరిగిన ప్యాంటుతో చేసేసిందయ్యా ఇదంతా.

తొమ్మిదో జేబులో రెండో కళ్లజోడు ఉండేది. కళ్లజోడున్న గార్డు బండెక్కాలంటే ఇంకో జోడు దగ్గర ఉండి తీరాలి. ఒకటి పగిలితే సిగ్నల్ ఎవరు చూస్తారు? అది రూలు. మంచి రూలే.

డ్యూటీ పడిందని చెప్పే మనిషి పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడు. నాన్న సంతకం పెట్టి స్నానానికి పోతూ కేకేసేవాడు.

"ఒరే, సంచి సూడు!"

నేను ఒక్కో జేబూ తడిమి పేర్లు చదివేవాణ్ణి. లోపల్నుంచి చెంబు చప్పుడుతో పాటు "అచ్ఛా... అచ్ఛా..." అని వినిపించేది. ఆఖర్న నేను "జోడూ!" అని అరిస్తే "శభాష్‌రా గుంటడా!" అనేవాడు. ఆ శభాష్ కోసం ఆట మధ్యలోంచి పరిగెత్తుకొచ్చేవాణ్ణి.

ఐదో తరగతిలో స్కూలు నాటకంలో నాకు ముసలి మాస్టారి వేషం వచ్చింది. అడగకుండా తొమ్మిదో జేబులోంచి జోడు తీసుకెళ్లాను. జుట్టుకి పౌడరు రాసుకుని, జోడు పెట్టుకుని తడుముకుంటూ నడిస్తే క్లాసంతా నవ్వింది. ఆ సంబరంలో దాన్ని స్కూలు బ్యాగులోనే మర్చిపోయాను.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం డ్యూటీ పడింది. నేనూ అప్పా... అదే, మా అక్కా... కేరమ్స్ ఆడుతున్నాం. రాణి నా దెబ్బకి పడబోతోంది.

"సంచి సూసీసావేటి?"

"చూసీసాను నాన్నా!"

"జోడు?"

"ఉంది!"

తల కూడా తిప్పలేదు. స్కూలు బ్యాగు నా వెనకే మేకుకి వేలాడుతోంది.

దారిలో రాయగఢ్ స్టేషన్‌లో తనిఖీ జరిగింది. రెండో జోడు చూపించమన్నారు. నాన్న ధీమాగా జేబులో చెయ్యి పెట్టాడు... ఖాళీ. అక్కడే బండి దింపేశారు. ఛార్జ్‌షీటు ఇచ్చారు. సరిగ్గా ఆ నెలలోనే నాన్న ప్యాసింజర్ గార్డు కావాలి. అంటే వేళ తెలిసిన డ్యూటీ. 'ఇంక మీ నాన్న అన్నం వేడిగా తింటారు' అని అమ్మ రోజులు లెక్కపెట్టుకుంటోంది. నాన్న పేరు పక్కన పెట్టేశారు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "ఎప్పుడూ మర్చిపోని మనిషి మీరు. ఇప్పుడేటైంది?"

"మర్చిపోనాను. నా తప్పే."

"గుంటడు సూడనేదేటి?"

"ఆడినేటంతావు? సంచి నాది, డ్యూటీ నాది."

నేను తలుపు పక్కనే ఉన్నాను. 'నేనే తీశాను' అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు పెగల్లేదు. సాయంత్రం ఎవరూ చూడకుండా జోడు తెచ్చి తొమ్మిదో జేబులో పెట్టేశాను. తిరిగి పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. పదేళ్ల బుర్ర!

మళ్లీ డ్యూటీ పడిన రోజు నేను కేక కోసం ఎదురుచూశాను. రాలేదు. నాన్నే నేల మీద కూర్చుని ఒక్కో జేబూ తడుముకుంటున్నాడు. తొమ్మిదో జేబు దగ్గర చెయ్యి ఆగిపోయింది. జోడు బయటికి తీశాడు. కాడకి తెల్లగా పౌడరు అంటుకుని ఉంది.

నా వైపు చూశాడు. చొక్కా అంచుతో పౌడరు తుడిచి, జోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాన్న నన్ను సంచి ఎప్పుడూ చూడమనలేదు. కొట్టినా బాగుండేది.

ఇప్పుడు నేను ఏసీ బోగీలో దుప్పట్లూ టవళ్లూ ఇచ్చే కాంట్రాక్టు పనిలో ఉన్నాను. ఒక్క టవల్ తగ్గినా జవాబు చెప్పాల్సింది నేనే. పోయినవారం బిలాస్‌పూర్ వస్తుండగా ఒకటి తగ్గింది. ఎదురుగా ఒకాయన ఛార్జరు పెట్టుకోవడానికి సంచి తెరిచాడు. ఎంత చక్కటి సంచి... ప్రతి దానికీ ఒక అర. ఒక వల అరలో మా తెల్ల టవల్, మడత నలగకుండా.

"సార్, టవల్..." అన్నాను.

ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. "బచ్చే నే రఖ్ దియా హోగా" అన్నాడు. పిల్లాడు పెట్టేసి ఉంటాడట!

కిటికీ పక్కన ఆయన కొడుకు ఉన్నాడు. పదేళ్లుంటాయి. తండ్రి ముఖంలోకి చూశాడు... మెల్లగా తల దించుకున్నాడు. ఆయన టవల్ నా మీదికి విసిరి జిప్పు లాక్కున్నాడు.

'నువ్వు కాదని నాకు తెలుసు బాబూ' అని ఆ పిల్లాడితో అనాలి. అనలేదు. పని పోతుందని భయం. రెండోసారి కూడా నా నోరు పెగల్లేదు.

సంచులకి అరలు పెరిగాయి. కొడుకు తప్పు తన మీద వేసుకున్న తండ్రి సంచి చూశాను. తన తప్పు కొడుకు మీద వేసిన తండ్రి సంచీ చూశాను. వాటిలో ఏది మంచి సంచో మీ పది వస్తువుల వీడియోల్లో చెప్పరు.

మీ ఇళ్లల్లో ప్రయాణం సంచి ఎవరు సర్దేవాళ్లు? మీ తప్పుని నోరెత్తకుండా ఎవరు మోశారు? రాయండి... ఏ సంచి కొనాలో మాత్రం నాకు చెప్పకండి.

నాన్న రిటైరయ్యాడు. బిలాస్‌పూర్‌లోనే, లింగియాడీహ్‌లో మా అద్దింట్లో ఆ ఖాకీ సంచి ఇంకా మేకుకి ఉంది. ఊరెళ్లేటప్పుడు నేను దాని మీద చెయ్యి వేస్తే, "ఉండనీరా, నాను సూసుకుంతాను" అంటాడు.