తూనీగా, గుంతపురుగా?

బొగ్గుబాయి కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే మా కాక మనుషులందరినీ రెండు పురుగుల కింద విడదీసేవాడు. తూనీగ గాలిలో తరిమి వేటాడుతుంది. గుంతపురుగు ఇసుకలో గుంత తవ్వి, చీమ జారిపడేదాకా అడుగున కూర్చుంటుంది.

తెల్లారితే చెల్లె లగ్గం. అదే బాయిలో పనిచేసే నేను సెలవు కోసం, షిఫ్టు పనులు చూసే ఓవర్‌మన్ వెంట తిరిగి తిరిగి అలసిపోయాను.

"తూనీగలెక్క ఉరుకుతవేందిరా? చాయ్ హోటల్ల గుంతపురుగులెక్క కూసో. ఆయనే వస్తడు," అన్నాడు కాక.

రెండు చాయ్‌లు తాగేసరికి ఆయన నిజంగానే వచ్చాడు. "దొరికినవ్! సెకండ్ షిఫ్టుల మనిషి తక్కువున్నడు, దిగు!"

కాక పగలబడి నవ్వాడు. "వీని బదులు నేను దిగుత సాబ్, లగ్గానికి పోనియ్యిండ్రి." ఆయన తలూపాడు.

కాక నావైపు తిరిగాడు. "నువ్వు రెండూ గాదురా, చీమవు!"

ఆ చీమ తూనీగలా బస్సు వెంట పరిగెత్తింది.