గబ్బిలాల స్టేజీ

పద్మజ వీడియో గేమ్ ఆడుతుందన్న సంగతి తూంకుంటలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి కూరగాయలమ్మే అన్వరీ బేగం.

పద్మజ వాళ్ళది తణుకు. భర్త బుల్లిబాబు మేడ్చల్ దగ్గర ఓ మందుల కంపెనీలో అకౌంట్స్ చూసేవాడు. తూంకుంటలో కరీంనగర్ రోడ్డుకి లోపలగా వేసిన కొత్త లేఅవుట్‌లో ఇల్లు కొనుక్కుని 2012లో దిగారు. కొడుకు భానుతేజ ఇంటర్‌కని హాస్టల్లో చేరాక, వాడు చిన్నప్పుడు ఆడి పారేసిన పెట్టె ఒకటి అటక మీద బయటపడింది. టీవీకి తగిలించే వీడియో గేమ్, దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్. పనిచేస్తుందో లేదో చూసి పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామనుకుంది. చూద్దామని కూర్చున్న మనిషి పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

ఆ ఆటలో ఓ పొట్టి సైనికుడు కోట ఎక్కాలి. మూడే లైఫులు. మూడూ పోతే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. మధ్యలో కరెంటు పోయినా అంతే, ఆ రోజుల్లో కరెంటు పోని పూట లేదు. మొదట్లో పద్మజకి ఏడుపొచ్చేది. ఆడగా ఆడగా ఒకటి అర్థమైంది. ఆట మోసం చెయ్యదు. బండరాయి ఎప్పుడూ అక్కడే దొర్లుతుంది. వంతెన పలక ఎప్పుడూ అదే విరుగుతుంది. సైనికుడు పడిపోతే తప్పు తన బొటనవేలిది, అదేం తప్పో పడిన క్షణంలోనే తెలుస్తుంది. ఇంటిపనిలో అలాంటిది ఎక్కడుంది? పప్పు బాగుంటే ఎవరూ మాట్లాడరు, బాగోకపోతే ఎందుకు బాగోలేదో ఎవరూ చెప్పరు. నిన్న పడ్డ చోట ఇవాళ పడకుండా దాటితే ఆమెకి ఒళ్ళంతా తేలికయ్యేది.

అయినా సిగ్గే. ఇంటర్ చదివే కొడుకున్న ఆడది పిల్లల ఆట ఆడుతోందని తెలిస్తే ఎంత నవ్వులాట! భర్తకి కూడా చెప్పకుండా, కర్టెన్లు వేసి, సౌండు తగ్గించి ఆడేది.

అన్వరీ దగ్గర్లోని రావల్‌కోల్ ఊరి మనిషి. ఆమె, భర్త షుకూర్ ట్రాలీ ఆటోలో తమ చేలో పండిన కూరగాయలు తెచ్చి కాలనీలో అమ్మేవారు. మధ్యాహ్నం షుకూర్ నమాజుకి వెళ్తే ఆమె పద్మజ వాళ్ళ వరండాలో కాసేపు కూర్చునేది. ఓ రోజు మంచినీళ్ళు తాగుతూ తలుపు సందులోంచి టీవీ చూసి, “గా గబ్బిలం మళ్ళ వస్తది, జర ఆగుండ్రి” అంది. పద్మజ ఆగింది. గబ్బిలం సైనికుడి నెత్తి మీదుగా వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. వంతెనల దగ్గర పద్మజ చెయ్యి బాగా ఆడేది, గబ్బిలాల స్టేజీలో అన్వరీ ఓపిక పనికొచ్చేది. వంతెనలు అయిపోగానే ఆట రిమోట్ చేతులు మారేది. ఇద్దరూ సోఫాలో భుజం భుజం ఆనించి కూర్చుని, ఒకరు పడితే ఇంకొకరు అరచేత్తో నుదురు కొట్టుకునేవారు.

మరుసటి ఏడు శ్రావణంలో పేరంటానికి పిలవడానికి కాలనీ ఆడవాళ్ళు వచ్చారు. ముందు రాజారావు గారి భార్య. రాజారావు కాలనీ సంఘానికి అధ్యక్షుడు, ఆవిడ మాటకి అక్కడ విలువెక్కువ. తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి టీవీలో గబ్బిలాలు, సోఫాలో అన్వరీ, ఆమె చేతిలో రిమోట్. ఆవిడ నవ్వుతూ, ఇంట్లో పిల్లలెవరూ లేరు కదా, ఈ ఆట ఎవరిదని అడిగింది.

పద్మజకి చెవులు వేడెక్కాయి. “నాకెక్కడ వచ్చండీ ఇవన్నీ? ఎండన పడి వస్తుంది, పొమ్మనలేక కూర్చోబెడతాను. ఆవిడే ఏదో నొక్కుతూ ఉంటుంది” అంది.

అన్వరీ రిమోట్ నెమ్మదిగా టీపాయ్ మీద పెట్టింది. “అవునమ్మా, నేనే. సరదా అయితాంది” అని, కొంగు నెత్తి మీదికి లాక్కుని బయటికి నడిచింది. ఆమె నోరు తెరిచి అసలు సంగతి చెప్పినా పద్మజకి ఇంత బరువు అనిపించేది కాదు.

ఆ తర్వాత గేటు దగ్గరే తక్కెడ, గేటు దగ్గరే మాట. లోపలికి రమ్మంటే పనుందనేది. కాలనీలో మాత్రం కథ పాకిపోయింది. కూరగాయలు తీసుకుంటూ, ఇవాళ ఆట లేదా అని ఎవరో ఒకరు అన్వరీని అడిగేవారు. పద్మజ తన గేటులోంచి అన్నీ వింటూ కరివేపాకు దూసేది. ఒంటరిగా ఆడబోతే సైనికుడు గబ్బిలాల దగ్గరే పడిపోయేవాడు. కొన్నాళ్ళకి ట్రాలీ మీద షుకూర్ ఒక్కడే రావడం మొదలుపెట్టాడు. అడిగితే, “రానంటాంది అమ్మా. అందరు నవ్వుతరంట” అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి పద్మజకి అన్నం సయించలేదు. మర్నాడు ఆట పెట్టెని సంచిలో పెట్టుకుని, షుకూర్ పక్కన ట్రాలీలో ఎక్కి రావల్‌కోల్ వెళ్ళింది.

అన్వరీ వాకిట్లో పాలకూర కట్టలు కడుతోంది. కూతురు నౌరీన్ కుర్చీ తెచ్చి వేసింది. ఎత్తు మీద కూర్చుని చెప్పాల్సిన మాట కాదనిపించి, పద్మజ కుర్చీ దిగి గోనెపట్టా మీద కూర్చుంది.

“ఆ రోజు నేను అబద్ధం ఆడాను, అన్వరీ.”

“ఆట సంగతి అబద్ధమని మనిద్దరికి ఎరుకే. దానికి నాకు రంజు లేదు, కోపం లేదు.” అన్వరీ తల ఎత్తలేదు. “పొమ్మనలేక అన్నరు సూడుండ్రి. గది గూడ అబద్ధమేనా అని రోజు మనసుల సోచాయిస్తున్న.”

అబద్ధమేనని వెంటనే అనేయాలనుకుంది పద్మజ. నోటిదాకా వచ్చింది. కానీ తొలిరోజుల్లో, కాస్త కునుకు తీద్దామనుకునే వేళ ఆమె వచ్చి కూర్చుంటే విసుగనిపించిన మాట గుర్తుంది. “మొదట్లో ఒకటి రెండుసార్లు అనుకున్నాను. తర్వాత లేదు. తర్వాత నువ్వు రాని రోజు నాకు తోచేది కాదు” అంది తలొంచుకుని.

అన్వరీ చేతిలో కట్ట పూర్తి చేసి పక్కన పెట్టింది. “ఇప్పుడైతే అబద్ధం జెప్పకపోతిరి, మంచిదే” అంది. లేచి టీవీ ఉన్న గదిలోకి దారి చూపించింది. ఆ పూట ఇద్దరూ ఆడారు కానీ నవ్వుకోలేదు.

అన్వరీ మళ్ళీ కాలనీకి వచ్చింది. పద్మజ గడప మాత్రం ఇంక ఎప్పుడూ తొక్కలేదు. ఆట పెట్టె రావల్‌కోల్‌లోనే ఉండిపోయింది, వీలైన రోజు పద్మజే ట్రాలీలో వెళ్ళేది. ఎందుకు వెళ్తున్నావని భర్త అడిగితే ఉన్నమాట చెప్పింది. ఆయన విచిత్రంగా చూసి పేపర్లో తల పెట్టుకున్నాడు.

ఆ చలికాలం ఓ పొద్దున ట్రాలీ దగ్గరికి వెళ్తుంటే రాజారావు గారి భార్య ఎదురై, తరచూ ఎక్కడికని అడిగింది. “తాజా కూరలకండీ” అనేసింది పద్మజ. అంత సులువుగా వచ్చింది ఆ మాట. నాలుగడుగులు వేశాక తన మీద తనకే అసహ్యం పుట్టి వెనక్కి తిరిగింది.

“కూరలక్కాదండీ. వీడియో గేమ్ ఆడడానికి. మా ఇంట్లో కూడా ఆడింది నేనే. అన్వరీ మీదికి తోసేశాను.”

ఆవిడ నవ్వలేదు. “అలాగా” అని పూలసజ్జ ఇంకో చేతికి మార్చుకుని వెళ్ళిపోయింది. పద్మజ మొహం భగ్గుమంటుండగా ట్రాలీ ఎక్కింది. షుకూర్ బండి స్టార్ట్ చేశాడు.