గట్టు మీద ఆగని బండి

ఆ పొద్దున ముసురు పట్టింది. ముసురు రోజున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకని మేత సంచులు కట్టే పని ఆపి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేస్తున్నాను. అప్పుడు పిన్ని ఫోన్ చేసింది. "పెద్దోడా, మీ చిన్నాన్న లేవట్లేదురా" అంది. నేను వాళ్ల ఊరు గుండుగొలను చేరేసరికి డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే పోయాడని చెప్పారు.

చిన్నాన్నకు ఒక పెట్రోలు పికప్ ఉండేది. కొల్లేరు చెరువుల్లో పట్టిన చేపలకు ఐసు వేసి, హైవే పక్కనున్న ప్యాకింగ్ షెడ్డుకు చేర్చడం ఆయన పని. ఎక్కేముందు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి సీటు మీద వేసుకునేవాడు. చొక్కా కొసతో అద్దం తుడిచేవాడు. గట్టు మీద ఎవరు చెయ్యెత్తినా బండి ఆపేవాడు. కాపలా గుడిసెల్లోని ముసలివాళ్లను ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు, వచ్చేటప్పుడు వాళ్ల మందులు తెచ్చేవాడు. వెనక ఎక్కినవాళ్లు చేపల వాసన అంటే, "దిగాక స్నానం చెయ్యొచ్చు, దిగేదాకా ఓర్చుకోండి" అనేవాడు. "చెయ్యెత్తేవాళ్లు ఉన్నంతకాలం మన బండి కొత్తదేరా" అని నాతో అనేవాడు.

ఇన్నిచోట్ల ఆగితే షెడ్డుకు ఆలస్యం కాక ఏమవుతుంది? అక్కడ కుర్ర డ్రైవర్లు ఏడిపించేవారు. "బాబాయిగారూ, మీ బండెక్కితే చేపలు దారిలోనే గుడ్లు పెట్టి, పిల్లల్ని కూడా పెంచుకుంటాయండీ!" చిన్నాన్న కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సరిగా తినేవాడు కాదని పిన్ని చెప్పేది.

నిరుడు ఇంజిను విప్పాల్సి వచ్చింది. క్యామ్ షాఫ్టు అరిగిపోయిందన్నాడు మెకానిక్కు. ఇంజినుకు గాలీ పెట్రోలూ అందే వాల్వుల్ని తెరిచేది అదే. తాడేపల్లిగూడెంలో క్యామ్ షాఫ్టులు గ్రైండింగ్ చేసిచ్చే షాపుకు ఇద్దరం వెళ్లాం. స్పీడు క్యామ్ కావాలన్నాడు చిన్నాన్న.

"రోజూ ఏ దారిలో తిరుగుద్దండీ బండి?" అని అడిగాడు షాపాయన.

"హైవే అండీ. ఎక్కామంటే ఏలూరు దాకా టాపులోనే."

"చెరువు గట్ల మీదకి వెళ్లదా? ఎందుకంటే, స్పీడు క్యామ్ వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుద్దండీ. పరిగెత్తేటప్పుడు బాగుంటది. నెమ్మదిగా పోతే లాగదు. నిలబెడితే ఊగుద్ది, ఆగిపోద్ది కూడా. రోజూ లోడేసుకుని గట్ల మీద తిరిగే బండైతే పాత కొలతే పెట్టించుకోండి."

"గట్లా? ఎప్పుడో ఒకసారండీ."

షాపాయన నా వైపు తిరిగాడు. "అంతేనంటారా అండీ?"

బయటివాళ్ల ముందు పెద్దవాళ్ల మాటకు అడ్డు చెప్పడం మా ఇంట్లో లేదు. "చిన్నాన్న చెప్పినట్టేనండీ" అన్నాను.

బయటికొచ్చాక చిన్నాన్న నా ముఖం చూడలేదు. "అంతమందిలో మనది నత్తబండని చెప్పుకోవాలేంట్రా?" అన్నాడు.

స్పీడు క్యామే వేయించాం. మొదటి వారం షెడ్డులో ఎవరూ ఏడిపించలేదు. హైవే మీద ఆయన పక్కన కూర్చున్నాను. లారీని దాటినప్పుడల్లా హారన్ కొట్టి నవ్వాడు.

గట్ల మీద కథ వేరు. కాపలావాడి తల్లి చెయ్యెత్తితే ఒకరోజు ఆపాడు. ఇంజిను ఆగిపోయింది. తడి గట్టు, నిండు లోడు. బండి వెనక్కి జారి, ఒక చక్రం చెరువు అంచుకు వెళ్లింది. అప్పటినుంచి ఆయన గట్టు మీద ఆగలేదు. ఎవరైనా చెయ్యెత్తితే, ఆపలేనన్నట్టు తనూ చెయ్యెత్తి వెళ్లిపోయేవాడు. వాళ్లకది పొమ్మన్నట్టు కనిపించేది.

"పాత కొలతది వేయించుకుందాం చిన్నాన్నా" అన్నాను.

"ఆ షాపాయన మొహం ఎలా చూస్తాంరా? హైవే అని చెప్పొచ్చాం కదా."

వేరే షాపుకు వెళ్లొచ్చని నాకు తట్టింది. అయినా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే నేను పలికిన వంత కూడా బయటికొస్తుంది.

జ్ఞాపకార్థ కూడికకు ముందు పిన్ని నన్ను పక్కకు పిలిచింది. "గట్టు వాళ్లు ఏదో ఒకటి అంటారు. అననీ. గర్వమొచ్చిందంటే అననీగాని, అబద్ధమాడాడని మాత్రం నలుగురిలో అనిపించకురా" అంది. సరేనన్నాను.

ప్రార్థన అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, చిన్నాన్న గురించి మాట్లాడదలచినవాళ్లను లేవమన్నారు. కాపలావాడి తల్లి లేచింది.

"మంచోరేనండీ. నా కళ్లాపరేషనుకి తీసుకెళ్లింది ఆయనే. కాపోతే ఆ ఇంజిను మార్చాక మా గట్టోళ్లు కంటికి ఆనలేదండీ ఆయనకి. దొరగారిలా చెయ్యూపుకుంటా పోయేవారు. చేపల బండికి మా వాసన పడలేదేమో మరి."

వెనక కొందరు నవ్వారు. అయ్యగారు ముఖం దించుకున్నారు. ఆమెది తప్పని నేను అనలేను, ఆమె చూసింది అదే. నేను లేచాను. క్యామ్ షాఫ్టు సంగతి, షాపులో చిన్నాన్న చెప్పింది, పక్కనుండి నేను చెప్పింది, చక్రం జారడం, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆయన ఏడాదిపాటు దాచుకున్నదాన్ని ఆయన ఫోటో ముందే బయటపెడుతున్నాను. పెట్టకపోతే, మనుషుల్ని చీదరించుకున్నవాడిగా ఆయన ఈ ఊళ్లో మిగిలిపోతాడు. రెండింటిలో ఏది తక్కువ అవమానమో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆ ముక్క ఆయనే చెబితే నడిచొచ్చి గట్టు చివర ఎక్కేదాన్ని కదయ్యా" అంది ఆ ముసలావిడ.

నేను కూర్చోకముందే పిన్ని లేచి వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయింది. గట్టు వాళ్లు భోజనాలు కాగానే వెళ్లారు. అయ్యగారు మూడింటికి వెళ్లారు. నేను పొద్దుగూకే ముందు బయల్దేరాను. అప్పటికింకా పిన్ని తిరిగి రాలేదు.