ఆటలో అరటిపండు

నా చిన్నప్పుడు, తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, నానక్‌రామ్‌గూడలో మేము కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. మా నాన్న డ్రైవరు. పై వాటాలో కోస్తా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కుటుంబం ఉండేది. వాళ్లమ్మాయిది నా ఈడే. ఆ పిల్లకు కంప్యూటర్ ఉంది, అందులో తెల్లగుర్రం ఆట ఉంది. కిటికీలోంచి ఆ ఆట సంగీతం వినబడితే నాకు అన్నం సహించేది కాదు. అంత కుళ్లు నాకు.

ఒక బంద్ రోజు బడి లేదు, కంపెనీ బస్సులూ లేవు. మా నానమ్మ నా ముఖం చూసి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లింది. "జర మా పిల్లను గూడ ఆడనియ్యి బిడ్డా" అని అడిగింది.

గుర్రం నిజంగానే అందమైనది. వెన్నెల్లో కోట, దాని ముందు వాగు, వాగు మీద వంతెన. కానీ వంతెన మీద గుర్రం కాలు జారితే మళ్లీ మొదటికే. అక్కడ ఒక ముసలి రాజు "వీరుడా, వినుము" అంటూ ప్రసంగం ఎత్తుకుంటాడు. దాన్ని ఆపే మీట లేదు. జారాను, విన్నాను. మళ్లీ జారాను, మళ్లీ విన్నాను. వంతెన అవతల ఏముందని అడిగితే ఆ పిల్ల తల దించుకుంది. ఇన్ని నెలలుగా తనూ దాటలేదట! నేను కుళ్లుకున్నది ఆ రాజుగారి ఉపన్యాసం చూసన్నమాట.

"గిదేం ఆట? ఆటల అరటిపండు లేదా?" అంది నానమ్మ.

"లేదు మామ్మగారూ. ఎవరు పడినా మొదటికేనండి" అంది ఆ పిల్ల, ఏడుపు గొంతుతో.

నానమ్మ తనను మా ఇంటికి తీసుకొచ్చి, సుద్దతో గీసిన అష్టాచమ్మా గళ్ల ముందు కూర్చోబెట్టింది. మా ఇంట్లో అరటిపండును నేనే. ఎవరు కొట్టినా నా కాయ మొదటికి పోయేది కాదు. నానమ్మ మాత్రం ఆ పిల్లతో, "ఇయ్యాల నువ్వే అరటిపండువి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. కంప్యూటరూ తనదే, నానమ్మా తనదేనా?

"మరి నేను?"

"నీకు ఆట ఒచ్చు గదా. గీ పిల్ల కొత్తగ ఒచ్చింది."

బయట మనోళ్లు, వాళ్లు అనే మాట గట్టిగా వినబడుతున్న రోజులవి. మా నానమ్మ మాత్రం గవ్వలు వేసి నా కాయను కొట్టింది. ఏడుస్తూనే మొదటి గడి నుంచి మళ్లీ బయలుదేరాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఆటకు కూర్చున్నా, కొత్తగా వచ్చినవాళ్లే అరటిపండు. ఆ మాట నేనే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, ఆ చోటు నాది కదా అని ఇప్పటికీ కాస్త మండుతుంది.