ధూప్ కొలిచే నౌకరీ

నాందేడులో టీవీలు బాగుచేసే నాగేశ్వర్‌కు తెలిసిన సముద్రమల్లా వరదొచ్చిన గోదావరే. అలాంటివాడిని 1999లో హిందూ మహాసముద్రం మీదికి పంపారంటే, దేశంలో విజ్ఞానశాస్త్రం ఎంత ముందుకు పోయిందో మీరే ఆలోచించండి. పిలిచినవాడు జ్ఞానేశ్వర్ సార్, నాందేడు జిల్లాలోనే దెగ్లూరు మనిషి. గాలిలో తేలే నలుసులు ఎండను ఎంత మింగుతాయో, ఎంత చెదరగొడతాయో ఓడ మీద నుంచి కొలవడం ఆయన పని. కొలిచే యంత్రాలను బిగించడం, చెడితే బాగుచేయడం నాగేశ్వర్ పని. ఈ ఒక్క ప్రయాణం సవ్యంగా జరిగితే నౌకరీ పక్కా.

"ఏం పనిరా కొడుకా?" అని అడిగింది తల్లి నర్సవ్వ.

"దరియా మీద ధూప్ కొలుసుడే అవ్వా."

వాడు అన్నది హిందీ ధూప్, అంటే ఎండ. ఆమె విన్నది మరాఠీ ధూప్, అంటే సాంబ్రాణి. మూడు భాషలొచ్చిన ఇంట్లో మాటకు ఒకటే అర్థముంటే నామోషీ కదా!

"సర్కారోళ్లు కొలిసినప్పుడు తక్కువ పడొద్దు" అని ధర్మాబాద్ నుంచి తెప్పించిన సాంబ్రాణి సంచెడు కట్టి ఇచ్చింది. "రథసప్తమి నాడు సూర్యునికి ఎయ్యి. మరువకు."

మరవలేదు. రథసప్తమి పొద్దున ఓడ ముందుకొసన, సూర్యుడు నిండుగా కనిపించే చోట వేశాడు. గాలిని పీల్చే గొట్టం తన నెత్తిమీదనే ఉందని, దాన్ని స్వయంగా బిగించిన మనిషికే గుర్తు రాలేదు. భక్తంటే అదీ!

లోపల యంత్రం ముల్లు ఎగిరింది. జ్ఞానేశ్వర్ సార్ అంతకన్నా ఎత్తు ఎగిరాడు. దేశంలోని పొగ నడిసముద్రం దాకా వచ్చేసిందని తోటి పండితులందరికీ చాటి, చాయ్ పోయించాడు. అప్పుడెవరో, గాలి దక్షిణం నుంచి వీస్తోందనీ, అటు మంచుఖండం తప్ప మరేమీ లేదనీ మెల్లగా గుర్తుచేశారు. పెంగ్విన్లు పొయ్యి రాజేశాయని రాయడానికి మాత్రం సార్‌కు ధైర్యం చాలలేదు.

ఆయన యంత్రంలోంచి, గాలిలోని నలుసులను పట్టే వడపోత కాగితం తీసి వాసన చూశాడు. దెగ్లూరు ముక్కు అది, మోసపోదు.

"నాగేశ్వర్, గీ పొగ ఏడికెల్లి అచ్చింది?"

నౌకరీ పోతే పోయిందని నాగేశ్వర్ నిజమే చెప్పాడు.

"నాందేడ్ కెల్లి సార్. మా అవ్వ పంపింది."

సార్ పళ్లు కొరికాడు. బయట పండితులు ఇంకా ఆయన చాయే తాగుతున్నారు. వాళ్ల దగ్గరికి పోయి, "యంత్రం సరిగ్గా పట్టుకుంటోందో లేదో చూద్దామని నేనే పొగ పెట్టించాను" అన్నాడు. అంత గొప్ప పరీక్ష చేసిన పనివాణ్ణి ఇక తీసేసేది ఎట్లా? ఆ పొద్దుటి లెక్కలు కొట్టేశారు, నాగేశ్వర్ నౌకరీ పక్కా చేశారు.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే నర్సవ్వ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"సూసినవా బిడ్డా? కొలిస్తే తక్కువ పడలే!"