బిందె తొణకని బండి

బాగున్న కారును డబ్బిచ్చి చెడగొట్టుకుని, దాన్ని బాగుచేయబోయి ఇంకా చెడగొట్టుకుని, చివరికి నడిరోడ్డులో ఒక ఎద్దు ముందు తలదించుకుని నిలబడిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసుండరు. నేనే ఆ మనిషిని. కాస్త కూర్చోండి, జరిగిన ఘోరమంతా చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, మా ఊళ్ళో అందరూ నవ్వేశారు కాబట్టి నాకు అలవాటే.

మాది కంబదూరు. డ్రిప్పు పైపులు అమ్ముతాను. నీళ్ళను చుక్కచుక్కగా చెట్టుకు చేర్చే వ్యాపారం కాబట్టి పొదుపు తెలిసినవాణ్ణే అనుకోవాలి. కానీ చిన్న కారొకటి కొన్నాక ఆ తెలివి ఎటో పోయింది. పాత కారే, కానీ బుద్ధిమంతురాలు. ఇనుప చక్రాలు, వాటికి బొద్దుగా నల్లటి టైర్లు. ఏ గుంతలో దిగినా మారుమాట లేకుండా లేచి వచ్చేది. లోపల కూర్చున్నవాడికి గుంత వచ్చిపోయిన సంగతి కూడా సరిగ్గా తెలిసేది కాదు.

నాకు ఆ సుఖం చాలలేదు. అనంతపురంలో ఒక టైర్ల అంగడి ముందు వెండిలా మెరిసే అల్లాయ్ చక్రాలు చూశాను. పెద్దవి. వాటి చుట్టూ టైరు మాత్రం పంచె అంచంత సన్నగా ఉంది. అంగడివాడు నిజాయితీపరుడు, నన్ను ఆపడానికే చూశాడు.

"అన్నా, టైరు మందంగా ఉంటే దెబ్బ అది తింటాది. ఇది సన్నగా ఉండాది. దెబ్బ నువ్వు తింటావు."

"తింటాలేప్పా. చూసేటోళ్ళు ఉండారు గదా, బిగించు," అన్నాను నేను.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇంటికొచ్చి దీన్ని గొప్పగా చెప్పుకున్నాను కూడా. నేను మరిచిపోయినా మా ఇంట్లోవాళ్ళు మరిచిపోలేదు.

పాత చక్రాలు నాలుగూ ఇంటికి తెస్తే, రెండిళ్ళ అవతల ఉండే ఓబులేసు మామ అడిగాడు. ఆయన ఒంటెద్దు బండికి చెక్క చక్రాలు అరిగిపోయాయట. ఊరికే ఇచ్చేసి ఉంటే గౌరవంగా ఉండేది. నేను వీధిలో నలుగురూ వింటుండగా ఉపన్యాసమొకటి ఇచ్చి మరీ ఇచ్చాను. ఇవి కారుకు పెట్టే వస్తువులు కావనీ, ఎద్దుబండికే సరిగ్గా అతుకుతాయనీ చెప్పాను. ఆయన నవ్వి, రెండు బండి ఇరుసుకు బిగించుకుని, రెండు కొట్టంలో దాచుకున్నాడు.

ఇక నా మెరుపు చక్రాల సంగతి. రోడ్డు మీద ఎవరో పారేసిన శెనక్కాయ మీద ఎక్కితే, అందులో ఒక గింజ ఉందో రెండున్నాయో నా వెన్నెముక చెప్పేది. నా భార్య సుజాత నాలుగు రోజులు ఓర్చుకుని, ఆ తర్వాత ఎక్కడికైనా బస్సులోనే పోతానంది. మా జేజిని, అంటే మా నాయన తల్లిని, ఒకసారి కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయాను. పోయేటప్పుడు మోకాలి నొప్పి ఒక్కటే ఉండింది. తిరిగొచ్చేసరికి ఆమె మోకాలిని మరిచిపోయి నడుము పట్టుకుంది. ఇంకెప్పుడూ ఆ కారు ఎక్కనని మంచం మీద పడుకునే తీర్మానం చేసింది.

అంతటితో ఆగిపోయేదే. కానీ ఆ ఏడు మాకు వానలు వచ్చాయి. మా సీమలో వాన అనేది చుట్టపుచూపుగా వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే వెళ్ళిపోయే మనిషి. ఆ ఏడు మాత్రం వచ్చి పీట వేసుకుని కూర్చుంది. కుంటలు నిండాయి, వంకలు పారాయి. ఒకరోజు సాయంత్రం కబురొచ్చింది. జేజి పుట్టిన ఊరు ఎర్రబండపల్లిలో చెరువు నిండి మరువ పారుతోందట. చెరువు పట్టలేని నీళ్ళు రాతికట్ట మీదుగా పొర్లిపోయే చోటును మేము మరువ అంటాం. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ కట్ట మీద మేకలు పడుకోవడం చూశానే తప్ప నీళ్ళు పోవడం చూడలేదు.

జేజి మంచం మీద లేచి కూర్చుంది.

"అబ్బీ, ఆ మరువ నా పెండ్లికి ముందర పారింది. మళ్ళా పారనే లేదు. నేను పోయేలోపల ఇంగొక్కసారి చూపీరా."

మా జేజి ఎవరినీ ఏదీ అడగదు. అడిగిన ఆ ఒక్కటి కూడా ఎన్నాళ్ళో ఉండేది కాదు. వాన తెరిపిచ్చింది. ఎగువ నుంచి నీళ్ళు తగ్గితే మరువ ఎల్లుండికే నిలిచిపోవచ్చు. కారు తీస్తానన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైకి చూసి షరతు పెట్టింది.

"ఎనకసీట్లో నిండు బిందె పెట్టుకోని బస్టాండు దాకా పోయిరా. చుక్క తొణకకుంటే ఎక్కుతా. తొణికితే ఎక్కను."

ఇది వేళాకోళం కాదు. మా జేజి యవ్వనమంతా బిందె నెత్తిన పెట్టుకుని మైళ్ళకొద్దీ నడిచింది. రాళ్ళల్లో, ముళ్ళల్లో, చంకలో మా నాయనతో సహా. చుక్క తొణికితే చుక్క పోయినట్టే, మళ్ళీ ఎవరూ ఇవ్వరు. ఆమె దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు, బిందె తొణికించేవాళ్ళు, తొణికించనివాళ్ళు. కార్లు కూడా అంతే.

పోయాను. వచ్చాను. బిందెలో సగం నీళ్ళున్నాయి. మిగతావి సీటు తాగినన్ని తాగి, తక్కినవి నా చొక్కాకు ఇచ్చింది. జేజి బిందెలోకి తొంగి చూసి మళ్ళీ పడుకుంది. గోడవైపు తిరిగింది.

అనంతపురం అంగడివాడికి ఫోను చేశాను. చిన్న చక్రాలు, మందపాటి టైర్లు తెప్పించడానికి నాలుగైదు రోజులు పడుతుందన్నాడు. "పాతవి ఉండాయి గదన్నా, అవే పెట్టుకో. అంతకు మించిన మందు లేదు," అన్నాడు. సుజాత కూడా అదే మాట అంది. పాతవి యాడుండాయో నాకు తెలియదా? ఓబులేసు మామ ఎద్దు మెడలో గంట మా నట్టింట్లోకి వినబడుతుంది. పోయి అడగాలంటే నా ఉపన్యాసం నేనే మింగాలి. అది నావల్ల కాలేదు.

అప్పుడు నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. టైరు గట్టిగా ఉన్నది గాలివల్లనే కదా, గాలి తీసేస్తే మెత్తబడదా? పొద్దున్నే ఒక పుల్ల తీసుకుని నాలుగు చక్రాల దగ్గరా కూర్చుని, వేలితో నొక్కితే లోపలికి పోయేదాకా గాలి వదిలాను. మళ్ళీ బిందె పెట్టి, ఊరేగింపులో దేవుణ్ణి తెచ్చినంత నిదానంగా బస్టాండు దాకా పోయి వచ్చాను. చుక్క తొణకలేదు.

జేజి వచ్చి బిందె అంచు మీద వేలు పెట్టి చూసింది. వేలు తడిసింది. ఆమె ముఖం వెలిగింది. "పర్వాలేదురా అబ్బీ, నీకు కూడా వచ్చిందే," అంది. డిగ్రీ తెచ్చుకున్న రోజు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

బయలుదేరాం. నేనూ, పక్కన సుజాతా, వెనక జేజి. ఆమె ఒళ్ళో పసుపు కుంకుమల పొట్లం, ఖాళీ బిందె. మరువ నీళ్ళు ఇంటికి తెచ్చుకోవాలట. ఊరు దాటాక జేజి, "ఏమప్పా, ఉయ్యాల మాదిరి ఉండాదే," అంది. ఆ మెప్పు నా తలకెక్కింది. తల నుంచి కాలికి దిగింది. కాలు నొక్కాల్సిన దానికన్నా గట్టిగా నొక్కింది.

ఆ దారిలో గుంతలన్నీ నాకు ముఖపరిచయమే. ఎండిపోయి నోరు తెరుచుకుని ఉంటే కళ్ళు మూసుకుని తప్పించగలను. కానీ ఆరోజు వాటి నిండా నీళ్ళున్నాయి. ఏది గుంతో ఏది రోడ్డో నాకు తెలియలేదు. కరువులో పుట్టి పెరిగిన డ్రైవర్ని, నీళ్ళున్న గుంతతో వ్యవహారం నాకెక్కడిది?

ధడేల్మంది. వెంటనే ఇంకోసారి ధడేల్మంది. ఎడమపక్క ముందు చక్రం దిగిన గుంతలోనే వెనక చక్రం కూడా దిగింది. దిగి చూస్తే రెండు టైర్లూ చక్రాలను వదిలేసి పక్కకు వాలి ఉన్నాయి. వెండి అంచులు రెండూ సొట్టపడ్డాయి. స్టెప్నీ ఒక్కటే ఉంది.

"ఏమాయరా?" అంది జేజి లోపలి నుంచి.

"గాలి పోయింది జేజీ."

"పోయిందా, నువ్వే తీసినావా? పొద్దున చక్రాల కాడ కూచోని బుస్సుబుస్సుమనిపిస్తావుంటే, పాము దూరింది, పట్టుకుంటాండావేమో అనుకుంటి."

ఇలాంటి సమయంలో భూమి చీలి మనిషిని మింగుతుందని విన్నాను. మా భూమి ఎండల్లో ఎన్నో చోట్ల చీలుతుంది, ఆరోజు మాత్రం తడిసి గట్టిగా అతుక్కుని ఉంది. ఎర్రబండపల్లి ఇంకా చాలా దూరం. జేజి నాలుగడుగులు కూడా నడవలేదు. సుజాత నా వైపు చూడడం మానేసి రోడ్డు వైపు చూస్తోంది. మరువ ఈ నిమిషంలోనే ఆగిపోతున్నట్టు నాకనిపించింది.

అప్పుడు వెనకనుంచి గంట వినబడింది.

ఓబులేసు మామ. ఆయనా మరువ చూడ్డానికే పోతున్నాడు. బండి నిండా ఎండిన శెనగకట్టె, అంటే కాయలు కోసేశాక మిగిలే వేరుశెనగ మేత, పరిచి ఉంది. ఆయన నా చక్రాలను చూశాడు, తన చక్రాలను చూసుకున్నాడు. బండి దిగి మేత సర్ది జేజికి చోటు చేశాడు. నా ఉపన్యాసం నాకే తిరిగి చెప్పుంటే బాగుండేది. ఎద్దు మాత్రం నా ముఖంలోకి ముఖం పెట్టి చూసింది. నేను తలదించుకున్నాను.

జేజిని ఎత్తి బండిలో కూర్చోబెట్టాం. సుజాత పక్కన కూర్చుంది. నేను వెనక కాళ్ళు వేలాడేసుకుని ఎక్కాను. బండి కదిలింది, కానీ కదిలినట్టు లేదు. నా కాళ్ళ కిందే తిరుగుతున్నాయి ఆ బొద్దు టైర్లు. గుంతలో దిగాయి, లేచాయి, మారుమాట లేదు. ఎద్దు నడక, టైరు మెత్తదనం, కట్టె పరుపు, మూడూ కలిసి మమ్మల్ని అరచేతుల్లో పెట్టుకుని తీసుకుపోతున్నట్టుంది. నేను నిజంగా నివ్వెరపోయాను. ఇంత మంచి వస్తువు నా దగ్గరే ఉండిందా అనిపించింది.

"ఓబులేసూ, ఈ చక్రాలు యాడ తెచ్చినావురా? ప్రాణానికి సుఖంగా ఉండాది," అంది జేజి.

"మీ మనవడే ఇచ్చినాడత్తా."

జేజి వెనక్కి తిరిగి నన్ను చాలాసేపు చూసింది. నేను ఎర్రబండపల్లి వచ్చేదాకా దారి పక్కన కానుగ చెట్లను మహా శ్రద్ధగా పరిశీలించాను.

మరువ పారుతూనే ఉంది.

దాని గురించి హాస్యంగా రాయడం నాకు చేతకాదు. కట్ట మలుపు తిరగకముందే హోరు వినబడింది. తిరిగాక, ఎర్రటి నీళ్ళు రాతిమీదుగా ఒకే వెడల్పున, ఎక్కడా తెగకుండా, వంగి పడుతున్నాయి. చుట్టూ ఊళ్ళకు ఊళ్ళే వచ్చి ఉన్నాయి. మా జనం నోరు మూసుకుని నిలబడడం నేను జన్మలో చూడలేదు. ఆరోజు అందరూ అలాగే నిలబడ్డారు. గొర్రెల కాపర్లు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నారు. చుక్కచుక్కగా నీళ్ళు అమ్ముకునే నాకు, ఎవరూ లెక్కపెట్టకుండా పోతున్న ఆ నీళ్ళను చూస్తే ఒళ్ళు జలదరించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి తొణికాయి కూడా.

జేజిని ఎత్తుకుని ఒడ్డున కూర్చోబెట్టాను. ఆమె పసుపు కుంకుమ నీళ్ళలో వదిలి, చెయ్యి ముంచి అలాగే ఉంచింది.

"అప్పుడూ ఇట్లే ఉన్నింది. నేనే ముసిలిదాన్నైతి," అంది. చెయ్యి బయటికి తీసి, "ఇంగ చాలురా," అంది.

తిరుగు ప్రయాణంలో నిండు బిందె నా పక్కనే ఉంది. దారంతా దాన్నే చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు అంచుదాకా వచ్చి, వణికి, వెనక్కి పోయేవి. ఇంటి ముందు బండి ఆగేదాకా ఒక్క చుక్క బయటికి రాలేదు.

మరుసటి రోజు ఓబులేసు మామ గడప ముందు నిలబడి, ఉపన్యాసాన్ని వీధిలో నలుగురి ముందే మింగాను. ఆయన పాత చక్రాలు నాలుగూ ఇచ్చేశాడు. నా మెరుపు చక్రాల్లో సొట్టపడని రెండింటిని తన బండికి బిగించుకున్నాడు. రోడ్డు పక్కన పడి ఉన్న నా కారుకు అవి బిగిస్తే మళ్ళీ బుద్ధిమంతురాలైంది. సరిపడా గాలితో, నిజాయితీగా, బిందె పరీక్ష మళ్ళీ పెట్టాను. చుక్క తొణకలేదు. సుజాత బస్సు మానేసింది.

కొన్నాళ్ళకు ఎర్రబండపల్లిలో ఒక పెండ్లి వచ్చింది. కారు తుడిచి, వెనకసీట్లో దిండ్లు సర్ది, జేజి కోసం తలుపు తెరిచి నిలబడ్డాను. ఆమె పట్టుచీర కట్టుకుని, కర్ర పట్టుకుని, నన్ను దాటుకుని పోయి, ఎండలో తళతళా మెరుస్తున్న ఓబులేసు మామ బండి దగ్గర ఆగింది.

"జేజీ, కారు ఇప్పుడు మెత్తగా ఉండాది. ఇట్ల రా," అన్నాను.

"ఉండాదిలేరా."

"ఆ చక్రాలు నడుము ఇరగ్గొడతాయి."

"ఇరగ్గొట్టనీ," అంది జేజి, బండి ఎక్కడానికి ఓబులేసు మామ చెయ్యి అందుకుంటూ. "చూసేటోళ్ళు ఉండారు గదా."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నిండు బిందె మీద చెయ్యి పెట్టి, సూర్యచంద్రుల సాక్షిగా, ఆ ఎద్దు సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో చూసేవాళ్ళ కోసం చక్రాలు మార్చను. పుల్ల పుచ్చుకుని టైరు దగ్గర కూర్చోను. ఈ ప్రమాణం చేసేటప్పుడు బిందె కొంచెం తొణికింది. దాన్ని మాత్రం మా జేజికి చెప్పకండి.