ఊయల పిన్ను చూసిందెవరు?

మా పెరట్లో ఉన్నది ఒక్కటే ఇప్పచెట్టు. ఊయల కట్టాలంటే రెండు కావాలి. ఇంట్లో కడదామంటే రేకుల కప్పు, దాని దూలం మీద నాకు నమ్మకం లేదు. అందుకే మడిచి సంచిలో పెట్టుకునే ఊయల స్టాండు మణుగూరు బజారులో కనిపించగానే కొనుక్కొచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా లారీల కింద వెల్లకిలా పడుకుని పానాలు తిప్పిన నడుము నాది. మంచం మీద అరగంటకే పట్టేస్తుంది. గుడ్డ ఊయలలో పడుకుంటే హాయిగా ఉంటుందని ఎవరో అంటే ఆశపడ్డాను.

తెచ్చిన మర్నాడే మా బావను పిలిచాను. బావ అంటే చుట్టమేమీ కాదు. మణుగూరు రోడ్డు మీద లారీ షెడ్డులో వాడూ నేనూ ఒకే నెలలో పనికి కుదిరాం. మొదటి వారం నుంచే బావా అంటే బావా అనుకున్నాం. షెడ్డులో మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. జాకీ ఎత్తేదీ, చక్రాలకు చెక్క దిమ్మలు అడ్డం పెట్టేదీ నేను. అవి సరిగ్గా కూర్చున్నాయో లేదో చుట్టూ తిరిగి, చేత్తో తట్టి చూసేది వాడు. వాడు "చూసిన" అంటేనే నేను బండి కింద దూరేవాణ్ని. అలాగే వాడు బిగించిన చక్రం నట్లు నేను చూడాలి. ఎవరి తప్పు వాళ్ల కంటికి ఆనదు కదా, అందుకని.

ఊయల స్టాండుకూ అదే పద్ధతి పెట్టాం. నేల చదునుగా ఉన్న చోటు వెతికి, రాళ్లు ఏరేసి, కాళ్లు నాలుగూ పూర్తిగా విప్పాను. పైపు ముక్కలు ఒకదాంట్లో ఒకటి తోసి, ప్రతి అతుకులో పిన్ను గుచ్చాను. పిన్ను టక్కుమనాలి. అనకపోతే అది పిన్ను కాదు, అలంకారం. తాళ్లు రెండు వైపులా ఒకే ఎత్తులో తగిలించి, గుడ్డ మోకాలెత్తులో ఉండేలా సరిచేశాను. ఎక్కేటప్పుడు ముందు చేతులతో గట్టిగా నొక్కి చూసి, తర్వాత నడిమధ్యలో కూర్చుని, ఆపైన కాళ్లెత్తి కాస్త ఏటవాలుగా పడుకోవాలి. ఇదంతా స్టాండుతో వచ్చిన కాగితం మీద బొమ్మలేసి ఉంది. అందులో లేని ఆచారం ఒకటి మా ఇంట్లో ఉంది. కొత్త ఉయ్యాల్లో బిడ్డకంటే ముందు రుబ్బురోలు పొత్రాన్ని పడుకోబెట్టి ఊపుతాం. పొత్రం తెమ్మని మా ఇంటామెను కేకేశాను.

బావ పడీపడీ నవ్వాడు. "ఏంది బావా, నీకు తొట్టెల పండుగ చేస్తున్నమా? అన్ని పిన్నులు చూసిన. ఎక్కు."

చూసిన అన్నాడు కదా. పొత్రం వద్దన్నాను. చేత్తో నొక్కి చూడడం కూడా మానేసి పడుకున్నాను. ఇప్పాకుల సందుల్లోంచి ఆకాశం చూశానో లేదో, తలవైపు పైపు ఊడింది. నడుము నేలకు కొట్టుకుంది. మోకాలెత్తే కాబట్టి బతికాను. అయినా సొంతంగా లేచి కూర్చోవడానికి పదిహేను రోజులు పట్టింది.

తలవైపు పిన్ను సగం దాకా వెళ్లి ఆగిపోయిందట. గుచ్చింది నేనే, తప్పు నాదే, కాదనను. తప్పు చేస్తామనే కదా ఇంకో మనిషిని చూడమనేది.

నాలుగో రోజు బావ నా మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తుంటే అడిగాను. "ఆ పిన్ను చూసినవా?"

"చూడలె" అన్నాడు తల ఎత్తకుండా.

"మరి చూసిన అన్నవ్ గద?"

"అంటం. నువ్వు పెట్టినంక చూసేదేముంది బావా? షెడ్డుల గూడ ఎన్నడన్న చూసిన్నా? నీ చెయ్యి పడ్డదంటె ఇగ తిరుగుంటదా?"

నన్ను మెచ్చుకుంటున్నాననే వాడి ఉద్దేశం. నవ్వుతూ ఒక తొన నా నోటికి అందించాడు. అది నాకు మింగుడు పడలేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం గుర్తొచ్చింది. షెడ్డుది మట్టి నేల, నానిపోయి ఉంది. నేను బొగ్గు టిప్పరు కింద పడుకుని గేరుబాక్సు విప్పుతున్నాను. పైన ఏదో కిర్రుమంది. "దిమ్మలు చూసినవా?" అని అరిచాను. "చూసిన" అని కేక వచ్చింది. ఇంకో గంట నిశ్చింతగా పనిచేశాను. అప్పటికి నా బిడ్డ ఇంకా ఒళ్లో పిల్ల. ఆ కేక ఎటునుంచి వచ్చిందో ఇప్పుడు తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అది చక్రాల దగ్గర నుంచి రాలేదు, టీ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది.

నేను మాత్రం వాడు బిగించిన ప్రతి నట్టునూ పానా వేసి చూశాను. జ్వరం వచ్చిన రోజు కూడా ఒక్కటి వదల్లేదు, పిచ్చివాణ్ని. పగవాడు చేసి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ని. వీడు మెచ్చుకుంటూనే నన్ను నట్టేట ముంచాడు. మూడు నెలలు వాడితో మాట్లాడలేదు.

మొన్న వాడే వచ్చాడు. నన్ను అడక్కుండానే స్నానాలగది పక్కనున్న సంచి లాగి, స్టాండు బయటికి తీశాడు. "ఇయ్యాల నేను పెడ్త. నువ్వు చూడు" అన్నాడు. రాళ్లు ఏరాడు, కాళ్లు విప్పాడు, పిన్నులు గుచ్చాడు. నేను అరుగు మీద కుర్చీలోనే ఉన్నాను. తాళ్లు తగిలించడం అయ్యాక, వీపు నావైపే ఉంచి అడిగాడు. "చూసినవా బావా?"

"చూసిన" అన్నాను.

చూడలేదు. కుర్చీలోంచి కదలలేదు. కావాలనే అన్నాను. వాడు పడితే బాగుండునని ఆ క్షణం అనిపించిన మాట నిజం. వాడు వెనక్కి తిరిగి నేనెక్కడున్నానో చూడనైనా చూడలేదు. చేత్తో నొక్కలేదు. కూర్చుని, కాళ్లెత్తి, కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు లేచాను. నడుము పట్టుకుని వెళ్లి, కింద కూర్చుని, ఒక్కొక్క పిన్నునూ వేలితో తడిమాను. అన్నీ పూర్తిగా దిగి ఉన్నాయి. ఏమీ కాలేదు. షెడ్డులోనూ అన్నేళ్లు ఇలాగే ఏమీ కాలేదు.

"కింద ఏం చేస్తున్నవ్ బావా?" అన్నాడు కళ్లు తెరవకుండా.

"పిన్నులు చూస్తున్న."

"ఇందాక చూసిన అంటివి గద?"

నేను తలవైపు పిన్నును ఇంకోసారి నొక్కాను. వాడు కళ్లు తెరిచి నా మొహంలోకి చూశాడు. తర్వాత రెండు చేతులతో ఊయల అంచు గట్టిగా పట్టుకున్నాడు.